ఆఖరి జట్టుకు మొదటి పిలుపు: ఎన్‌బీఏ డ్రాఫ్ట్ కథ



జూన్ నెలాఖరులో ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకే మీ అబ్బాయో అమ్మాయో ఎవరూ లేపకుండానే లేచి ఫోన్ ముందు కూర్చుంటే కంగారు పడకండి. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు రాత్రి ఎనిమిది గంటలు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్ మొదలయ్యే వేళ. మీరూ పక్కన కూర్చుని చూస్తే అక్కడ ఆటేమీ కనిపించదు. ఒక వేదిక, ఒక మైకు, కొత్త సూట్లు వేసుకుని అమ్మానాన్నల పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. లీగ్ కమిషనర్ వచ్చి ఒక పేరు చదువుతాడు. ఆ కుర్రాడు లేచి అమ్మను కౌగలించుకుని, ఒక జట్టు టోపీ పెట్టుకుని వేదిక ఎక్కుతాడు. తర్వాత ఇంకో పేరు.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రిగారు దీని గురించే అడిగారు. "మా వాడు చెప్తున్నాడు, లాస్ట్ వచ్చిన జట్టుకి ఫస్ట్ ఛాన్స్ ఇస్తారట. అదేం పద్ధతండీ? మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఫస్ట్ ర్యాంకు వాడు కదా ముందు ఎంచుకునేది!" నేను ఇంగ్లీషు టీచర్‌ని, బాస్కెట్‌బాల్ కోచ్‌ని కాను. కానీ ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. దానికి జవాబు ఒక మాటలో తేలదు. వెనకాల దాదాపు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు ఆ మాట సంగతి. డ్రాఫ్ట్ అంటే మనకు బ్యాంకు డీడీ గుర్తొస్తుంది. మా క్లాసులో అయితే వ్యాసం మొదటి రాతప్రతి. ఇంగ్లీషులో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. యుద్ధాల కాలంలో అమెరికా ప్రభుత్వం యువకులను తప్పనిసరిగా సైన్యంలోకి పిలవడాన్ని కూడా డ్రాఫ్ట్ అనే అనేవారు. పేరు పిలిస్తే వెళ్లాల్సిందే. ఆట డ్రాఫ్ట్‌లోనూ ఆ ఛాయ ఉంది. ఇక్కడ ఎంచుకునేది జట్టు, ఆటగాడు కాదు. మన ఐపీఎల్ వేలంలో ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు ఆటగాడు దక్కుతాడు. డ్రాఫ్ట్‌లో పాట లేదు, వరస ఉంది. వరసలో తన వంతు వచ్చినప్పుడు జట్టు ఒక పేరు చెప్తే, ఎన్‌బీఏలో ఆ కుర్రాడితో ఒప్పందం మాట్లాడుకునే హక్కు ఆ జట్టొక్కదానికే. అతనికి ఆ ఊరు ఇష్టమా, అక్కడి చలికి తట్టుకుంటాడా అని ఎవరూ అడగరు.

ఈ ఆలోచన మొదట బాస్కెట్‌బాల్‌లో పుట్టలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ 1935లో ప్రతిపాదించాడు. డబ్బున్న నాలుగు జట్లే మంచి కాలేజీ ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోతే మిగిలిన జట్లు ఎప్పటికీ లేవవు. గెలిచేదెవరో ముందే తెలిస్తే టికెట్ కొని ఎవరు వస్తారు? అందుకని ఎక్కువ ఓడిన జట్టుకు ముందు అవకాశం ఇద్దామన్నాడు. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. కాబట్టి ఆ తండ్రిగారి ప్రశ్నకు సగం జవాబు ఇదే. ఇది దయాదాక్షిణ్యం కాదు, వ్యాపారం. ఎదుటి జట్టు మరీ బలహీనమైతే మన ఆటకూ గిరాకీ ఉండదు.

ఎన్‌బీఏ 1946లో వేరే పేరుతో, బీఏఏగా మొదలైంది. 1947లో మొదటి డ్రాఫ్ట్ పెట్టారు. అంతకుముందు సీజన్‌లో 15 ఆటలు గెలిచి 45 ఓడిన పిట్స్‌బర్గ్ ఐరన్‌మెన్ జట్టుకు మొదటి పిలుపు దక్కింది. వాళ్లు క్లిఫ్టన్ మెక్‌నీలీ అనే కుర్రాణ్ని ఎంచుకున్నారు. చరిత్రలో మొట్టమొదటి నంబర్ వన్! ఆయన ఆ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. టెక్సాస్‌లో ఒక హైస్కూల్లో కోచ్‌గా చేరిపోయాడు. ఆయన్ని ఎంచుకున్న జట్టు కూడా తర్వాతి సీజన్ నాటికి మూతపడింది. టీచర్‌ని కాబట్టి ఈ ముక్క దగ్గర నాకు కాస్త గర్వంగానే అనిపించిందని ఒప్పుకోవాలి.

మన ఊరి కుర్రాడు మనకే

ఆ రోజుల్లో లీగ్ చాలా పేదది. హాళ్లు నిండేవి కావు. జనాన్ని రప్పించాలంటే తెలిసిన ముఖం ఉండాలి కదా! అందుకని 1949లో ఇంకో నిబంధన తెచ్చారు. తన ఊరి చుట్టుపక్కల, సుమారు 50 మైళ్లలోపు కాలేజీలో ఆడినవాణ్ని ఏ జట్టయినా వరసతో పని లేకుండా ముందే తీసుకోవచ్చు. బదులుగా మొదటి రౌండు అవకాశం వదులుకోవాలి. లోకల్ కోటా అన్నమాట.

కోటా ఉన్నచోట దాన్ని సాగదీసేవాళ్లూ ఉంటారు. విల్ట్ చాంబర్లీన్ ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగి అక్కడే హైస్కూల్ చదివాడు. కాలేజీ మాత్రం ఎక్కడో దూరాన కాన్సస్‌లో. అయినా 1959లో ఫిలడెల్ఫియా వారియర్స్ "స్కూలు మా ఊళ్లోనే కదా, కాన్సస్ దగ్గర ఇంకో జట్టు లేదు కదా" అని వాదించి అతన్ని తెచ్చుకుంది. అదే 1950లో బోస్టన్ జట్టు తన పక్కనే ఉన్న హోలీ క్రాస్ కాలేజీ ఆటగాడు బాబ్ కూజీని వద్దనుకుంది. వేరే జట్టు అతన్ని ఎంచుకుంది. అక్కణ్నుంచి అతని పేరు షికాగో జట్టు చేతికి వెళ్లింది. ఆ జట్టేమో సీజన్ మొదలయ్యేలోపే మూతపడింది. మిగిలిన ముగ్గురు ఆటగాళ్ల పేర్లు చీట్లు రాసి టోపీలో వేసి మూడు జట్లు తీసుకున్నాయి. బోస్టన్ యజమానికి వచ్చిన చీటీలో కూజీ పేరుంది! వద్దనుకున్న కుర్రాడే చీటీలో వచ్చి, ఆ తర్వాత ఆరు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన జట్టుకు ఆయువుపట్టయ్యాడు.

అదే 1950 డ్రాఫ్ట్‌లో ఇంకా పెద్ద విషయం జరిగింది. రెండో రౌండులో బోస్టన్ చక్ కూపర్ పేరు చదివింది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. తొమ్మిదో రౌండులో వాషింగ్టన్ ఎర్ల్ లాయిడ్‌ని తీసుకుంది. అక్టోబర్ 31న మైదానంలో అడుగుపెట్టి, లీగ్ ఆట ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడిగా నిలిచింది మాత్రం లాయిడ్. తొమ్మిదో రౌండు అంటే ఇప్పుడు అలాంటిది లేనే లేదు. అప్పట్లో ఆటగాళ్లు దొరికినంతకాలం పిలుస్తూనే ఉండేవారు. 1960లో ఏకంగా 21 రౌండ్లు నడిచింది. 1989 నుంచి రెండే రౌండ్లు.

బొమ్మా, బొరుసా?

లోకల్ కోటాను 1965 డ్రాఫ్ట్‌తో ఆపేశారు. 1966 నుంచి రెండు విభాగాల్లో ఆఖరున నిలిచిన రెండు జట్ల మధ్య నాణెం ఎగరేసేవారు. గెలిచినవాళ్లకు మొదటి అవకాశం, ఓడినవాళ్లకు రెండోది.

1969లో ఈ నాణెం ఎంత పని చేసిందో చూడండి. ఆ ఏడాది కాలేజీ నుంచి వస్తున్నది లూ ఆల్సిండర్, తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా పేరు మార్చుకున్న మహా ఆటగాడు. పోటీ మిల్వాకీకీ ఫీనిక్స్‌కీ మధ్య. ఫీనిక్స్ వాళ్లు ఏం కోరుకోవాలో అభిమానులనే అడిగారు. ఎక్కువమంది బొమ్మ అన్నారు. బొరుసు పడింది. రెండేళ్లు తిరిగేసరికి, 1971లో మిల్వాకీ ఛాంపియన్ అయింది. ఫీనిక్స్ ఈరోజు వరకూ ఒక్కసారీ కాలేదు.

అదృష్టం ఒక ఎత్తు, తెలివితేటలు ఒక ఎత్తు. ఈ పద్ధతిలో ఓ చిక్కుంది. సీజన్ సగమయ్యేసరికి ఇక లాభం లేదని తేలిన జట్టుకు గెలవడం కంటే ఓడటమే లాభం. ఆఖరున నిలిస్తే వచ్చే ఏడాది మంచి కుర్రాడు దొరుకుతాడు. 1983లో హ్యూస్టన్‌కు మొదటి అవకాశం వచ్చింది. మళ్లీ 1984లోనూ ఆఖరి వరసలోనే ఉండి, నాణెం గెలిచి హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది. కావాలనే ఓడుతున్నారని మిగతా జట్లు గోల పెట్టాయి. దీనికి అక్కడివాళ్లు పెట్టిన పేరు టాంకింగ్. వెనకబడినవాణ్ని లేపడానికి పెట్టిన నిబంధనే వెనకబడటానికి కారణమైతే ఏం చేస్తాం? ఇక్కణ్నుంచి డ్రాఫ్ట్ చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే.

1984 సంగతి ఎత్తాం కాబట్టి ఇంకో మాట. హ్యూస్టన్ తర్వాత రెండో అవకాశం పోర్ట్‌లాండ్‌ది. వాళ్ల దగ్గర అప్పటికే క్లైడ్ డ్రెక్స్‌లర్ అనే మంచి గార్డ్ ఉన్నాడు. కావాల్సింది పొడగరి సెంటర్. శామ్ బౌయీని తీసుకున్నారు. మూడో అవకాశం షికాగోది. వాళ్లు తీసుకున్నది మైఖేల్ జోర్డన్‌ని! పోర్ట్‌లాండ్‌ని చూసి లోకం నలభై ఏళ్లుగా నవ్వుతూనే ఉంది. నాకైతే ఆ నవ్వు అన్యాయం అనిపిస్తుంది. ఆ రోజు వాళ్లు తమ జట్టు అవసరాన్ని చూసుకున్నారు. బౌయీ కాలి ఎముక పదేపదే విరగడం ఎవరి చేతిలోనూ లేదు. అయినా ఆయన పది సీజన్లు ఆడాడు.

కవర్లు, బంతులు

1985లో నాణెం పోయి లాటరీ వచ్చింది. ప్లేఆఫ్స్‌కు చేరని ఏడు జట్ల పేర్లు ఏడు కవర్లలో పెట్టి తిప్పే డ్రమ్ములో వేశారు. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ టీవీ కెమెరాల ముందు తీశాడు. అందరికీ సమాన అవకాశం, కాబట్టి కావాలని ఆఖరున నిలిచి లాభం లేదు. న్యూయార్క్‌కు మొదటి అవకాశం వచ్చి పాట్రిక్ యూయింగ్ దక్కాడు. అంత పెద్ద నగరానికే రావడంతో అనుమానాలు పుట్టాయి. ఆ కవరును ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారని, ముట్టుకోగానే తెలిసేలా చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రుజువు మాత్రం ఎవరూ చూపించలేదు. ఆ గోల మాటున ఒక నిజమైన అన్యాయం మరుగునపడింది. లీగ్‌లో అట్టడుగున ఉన్న గోల్డెన్ స్టేట్‌కు ఏడో అవకాశం వచ్చింది. మోసాన్ని ఆపబోయి నిజంగా బలహీనుణ్ని కొట్టారు.

దాంతో 1990లో బరువులు కట్టారు. 66 అవకాశాల్లో ఆఖరి జట్టుకు 11, ఆ తర్వాతిదానికి 10, అలా తగ్గుతూ మెరుగైన పదకొండో జట్టుకు ఒక్కటి. న్యాయంగానే ఉంది కదా? 1993లో ఆర్లాండో జట్టు 41 గెలిచి 41 ఓడి కొద్దిలో ప్లేఆఫ్స్ తప్పింది. అంతకుముందు ఏడాదే లాటరీ గెలిచి షకీల్ ఓనీల్‌ని తెచ్చుకున్న జట్టది. 66లో దానికున్న ఆ ఒక్క అవకాశమే మళ్లీ తగిలింది!

మిగతావాళ్లు ఊరుకుంటారా? 1994కల్లా లెక్క మార్చారు. ఇంటర్ చదువుతున్న మీ పెద్దపిల్లల్ని అడగండి, కాంబినేషన్స్ పాఠంలో చెప్తారు. 1 నుంచి 14 వరకు అంకెలు వేసిన 14 పింగ్‌పాంగ్ బంతుల్లో నాలుగు తీస్తే, వరసతో పని లేకుండా 1001 కాంబినేషన్లు. ఒకటి పక్కన పెట్టి మిగతా 1000 పంచారు. ఆఖరి జట్టుకు 250, అంటే 25 శాతం. ఆ పక్కన పెట్టిన కాంబినేషన్ వస్తే బంతులు మళ్లీ తీస్తారు.

25 శాతం అనగానే మళ్లీ పాత ఆశ చిగురించింది. ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ 2013 నుంచి 2016 దాకా మూడు సీజన్లలో 47 గెలిచి 199 ఓడింది. ఆఖరి సీజన్‌లో అయితే 82 ఆటల్లో పదే గెలుపులు. ఇదంతా ఒక ప్రణాళిక అని వాళ్లు దాచుకోలేదు కూడా. 2016లో మొదటి అవకాశం వచ్చింది. ఆ తర్వాత కూడా ఛాంపియన్ కాలేదు. 2019 నుంచి ఆఖరి మూడు జట్లకూ సమానంగా 14 శాతమే ఇస్తున్నారు. 2025లో 1.8 శాతం అవకాశమున్న డల్లాస్ గెలిచి కూపర్ ఫ్లాగ్‌ని తీసుకుంది. అనుమానాలు మళ్లీ మొదలు!

ఎన్నేళ్లుంటే పిలవొచ్చు?

తల్లిదండ్రులుగా మిమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసేది ఈ భాగమే అనుకుంటున్నాను. చాలాకాలం హైస్కూల్ అయి నాలుగేళ్లు గడిస్తేగానీ ఎన్‌బీఏలోకి రానిచ్చేవారు కాదు. స్పెన్సర్ హేవుడ్ మిసిసిపీలో పత్తి ఏరే కుటుంబంలో, పదిమంది పిల్లల్లో ఒకడిగా పుట్టాడు. 1968 ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చాడు. నాలుగేళ్లు ఆగే స్తోమత ఆ ఇంటికి లేదు. సియాటిల్ జట్టులో చేరితే లీగ్ అడ్డుకుంది. కోర్టుకెక్కాడు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఆ తర్వాత లీగ్ 'ఆర్థిక ఇబ్బంది' నిరూపించుకున్నవాళ్లను ముందే రానిచ్చింది (ఇన్‌కమ్ సర్టిఫికెట్ అక్కడా తప్పలేదన్నమాట). 1976కు ఆ షరతు కూడా పోయింది.

1995లో కెవిన్ గార్నెట్ కాలేజీ మెట్టెక్కకుండా హైస్కూల్ నుంచి నేరుగా వచ్చాడు. మరుసటి ఏడాది కోబీ బ్రయంట్. 13వ పిలుపు ఆయనది. అప్పటికి పదిహేడేళ్లే, మైనరు. అందుకని లేకర్స్‌తో ఒప్పందం మీద అమ్మానాన్నలు కూడా సంతకం పెట్టాల్సి వచ్చింది. కోట్ల డాలర్ల ఆటగాడి మొదటి కాగితం మీద పేరెంట్ సిగ్నేచర్, మన ప్రోగ్రెస్ కార్డు మీద ఉన్నట్టే!

వాళ్లిద్దరినీ చూసి అందరూ స్కూలు పిల్లల వెంట పడ్డారు. 2001లో క్వామీ బ్రౌన్ హైస్కూల్ నుంచి వచ్చి నంబర్ వన్ అయిన మొదటివాడు. అనుకున్నంత ఎదగలేదు. ఇప్పటికీ ఆయన పేరు 'ఫెయిల్యూర్' జాబితాల్లో కనిపిస్తుంది. కానీ ఆయన పన్నెండు సీజన్లు ఎన్‌బీఏలో ఆడాడు! ప్రపంచంలోనే కఠినమైన లీగ్‌లో పన్నెండేళ్లు నిలబడినవాణ్ని ఫెయిల్ అనడానికి ఒకే కారణం, పంతొమ్మిదేళ్లప్పుడు ఎవరో అతని మెడలో '1' అనే అంకె వేశారు. ఆ అంకె లేకపోతే అదే జీవితాన్ని మనం విజయం అనేవాళ్లం. 2005 ఒప్పందంలో నిబంధన మళ్లీ బిగించారు. అమెరికా కుర్రాళ్లకు 19 ఏళ్లు నిండే సంవత్సరమై ఉండాలి, హైస్కూల్ అయ్యి ఒక ఏడాదైనా గడవాలి.

జీతం కూడా ఆ అంకెను బట్టే. 1994లో మొదటి పిలుపు అందుకున్న గ్లెన్ రాబిన్సన్ పదేళ్లకు 6.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. జట్లు బెంబేలెత్తి, మరుసటి ఏడాది నుంచి మొదటి రౌండులో ఎన్నో పిలుపుకు ఎంత అని పట్టిక కట్టేశాయి. ఆటగాళ్ల సంఘం సంతకం పెట్టిన ఉమ్మడి ఒప్పందం మీదే ఇదంతా నడుస్తోంది.

పట్టిక అడుగున

పెద్ద నిపుణులు, వీడియోలు, వైద్య పరీక్షలు, చేతి పొడవు కొలతలు. ఇన్ని ఉండీ లెక్క తప్పుతూనే ఉంటుంది. 2014లో సెర్బియా కుర్రాడు నికోలా యోకిచ్ పేరు 41వదిగా పిలిచారు. అమెరికా టీవీలో ఆ క్షణాన ఒక ఫాస్ట్‌ఫుడ్ ప్రకటన నడుస్తోంది. అతని పేరు తెర మీద అడుగున చిన్న అక్షరాల్లో వెళ్లిపోయింది. తర్వాత ఆయన మూడుసార్లు లీగ్ ఉత్తమ ఆటగాడు, 2023లో డెన్వర్‌కు ఛాంపియన్‌షిప్. మాను జినోబిలీ 57వ పిలుపు. బెన్ వాలెస్‌నైతే ఎవరూ పిలవనే లేదు. ఆయన ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక పేరు ప్రత్యేకంగా చెప్పాలి. లూసియా హారిస్. ఒలింపిక్స్ మహిళల బాస్కెట్‌బాల్‌లో మొట్టమొదటి బుట్ట వేసింది ఆమే, 1976లో. మరుసటి ఏడాది న్యూ ఓర్లియన్స్ జాజ్ జట్టు ఏడో రౌండులో, 137వ పిలుపుగా ఆమెను ఎంచుకుంది. అప్పటికి ఆమె గర్భవతి. ట్రయల్స్‌కు వెళ్లలేదు. అప్పట్లో అమెరికాలో ఆమె ఆడటానికి మహిళల ప్రొఫెషనల్ లీగ్ లేదు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో అధికారికంగా ఎంపికైన మహిళ ఇప్పటికీ ఆమె ఒక్కరే. ఆమె మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి 2022లో ఆస్కార్ వచ్చింది. అంతకు రెండు నెలల ముందే ఆమె కన్నుమూశారు.

ఇక పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న, మనవాళ్లెవరైనా ఉన్నారా అని. ఉన్నారు. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టిన ఏడడుగుల పైబడిన సత్నామ్ సింగ్, పద్నాలుగేళ్లప్పుడు స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా వెళ్లాడు. 2015 జూన్‌లో డల్లాస్ అతన్ని 52వ పిలుపుగా ఎంచుకుంది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. కానీ డల్లాస్ తరఫున ఒక్క లీగ్ ఆట కూడా ఆడే అవకాశం రాలేదు, అనుబంధ లీగ్‌లోనే ఆడాడు. దానికి రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో, కెనడాలో స్థిరపడిన పంజాబీ కుటుంబపు కుర్రాడు సిమ్ భుల్లర్ శాక్రమెంటో తరఫున మైదానంలోకి దిగాడు. భారత సంతతి నుంచి ఎన్‌బీఏలో ఆడిన మొదటి ఆటగాడు ఆయనే. 2014 డ్రాఫ్ట్‌లో ఆయన పేరు ఏ జట్టూ చదవలేదు.